500 నుంచి 2000 వరకు ఎన్ని వర్గాలు? ఒక అభ్యర్థి రఫ్ పేపర్ నుంచి మొదలైన ఆరు వారాల పాఠం

నేను ఖమ్మంలో పోటీ పరీక్షలకు వెళ్లేవాళ్లకు అంకగణితం చెబుతాను. తెలుగు మీడియంలో చదివినవాళ్లే ఎక్కువగా వస్తారు. పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం తెరవకుండానే డిగ్రీ పూర్తి చేసినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఈ కేసు అలాంటి ఒక అమ్మాయిది. 2025లో కానిస్టేబుల్ పరీక్ష కోసం చేరింది. వయసు 23, చదివింది బీఏ, తండ్రిది మిర్చి సేద్యం. రాయడానికి ఆమె ఒప్పుకుంది. పేరు, ఊరు రాయడం లేదు.

ఆమె చేసిన తప్పు చాలామంది చేసేదే. అయితే ఆ తప్పుకు నా పాఠమే కారణమని ఆమె రఫ్ పేపర్ చూశాకే నాకు తెలిసింది. అందుకే ఈ కేసును వివరంగా రాసిపెడుతున్నాను. లెక్కలు చెప్పేవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

రఫ్ పేపర్‌లో కనిపించింది

సంఖ్యల చాప్టర్ పూర్తయ్యాక పది బిట్ల పేపర్ ఇచ్చాను. అన్నీ ఒకే రకం: ఇంత నుంచి ఇంత వరకు ఫలానా సంఖ్యలు ఎన్ని? ఆమెకు రెండు వచ్చాయి. మార్కులు తక్కువ వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రఫ్ పేపర్ చూడడం నాకు అలవాటు. ఆన్సర్ షీట్‌లో ఏది తప్పో మాత్రమే తెలుస్తుంది, ఎందుకు తప్పయిందో రఫ్ పేపర్‌లోనే ఉంటుంది.

మూడో బిట్: 500 నుంచి 2000 వరకు పరిపూర్ణ వర్గాలు, అంటే ఒక పూర్ణసంఖ్యను దానితోనే గుణిస్తే వచ్చేవి, ఎన్ని? ఆమె రాసుకున్నది ఇది: 2000లోంచి 500 తీసేస్తే 1500. 38 ఇంటూ 38 అంటే 1444, 39 ఇంటూ 39 అంటే 1521. కాబట్టి 1500కు వర్గమూలం 38 దాటుతుంది, 39 చేరదు. జవాబు 38.

గుణకారంలో ఒక్క పొరపాటు లేదు. 38, 39ల వర్గాలు కాగితం మీద వేసి మరీ సరిచూసుకుంది. లెక్కలు రాని మనిషి చేసే పని కాదిది. ఎక్కడో నేర్చుకున్న పద్ధతిని నమ్మి, దాన్ని శ్రద్ధగా అమలు చేసింది.

"ఈ పద్ధతి ఎక్కడిదమ్మా?" అని అడిగాను.

"మీరు చెప్పిందే కదా సార్. 100 వరకు ఎన్ని వర్గాలంటే 100కు వర్గమూలం, పది. 1000 వరకు అంటే 31. ఇక్కడ ఉన్నవి 1500 సంఖ్యలు కాబట్టి 1500కు వర్గమూలం తీశాను."

నిజమే, నేనే చెప్పాను. క్లాసులో నేనిచ్చిన ఉదాహరణలన్నీ 1 దగ్గర మొదలయ్యేవే. 1 నుంచి 100, 1 నుంచి 1000. అవి వేగంగా అయిపోతాయి, బోర్డు మీద అందంగా ఉంటాయి. "ఎన్ని సంఖ్యలు ఉన్నాయో దాని వర్గమూలమే జవాబు" అని నేను నోటితో అనలేదు. కానీ నా ఉదాహరణలన్నీ ఆ మాటే చెబుతున్నాయి. 1 దగ్గర మొదలైనప్పుడు "ఎన్ని సంఖ్యలు" అన్నా "ఎక్కడి వరకు" అన్నా ఒకే అంకె వస్తుంది. ఆ రెండూ వేరు వేరు విషయాలని తెలిసే అవకాశమే నేను ఇవ్వలేదు.

అదే రోజు మిగతా పేపర్లు కూడా తిరగేశాను. ఇంకా కొందరు ఇదే దారిలో పోయారు.

మొదట పని చేయనిది

తప్పు ఏంటో తెలిసింది కాబట్టి సరైన సూత్రం చెప్తే సరిపోతుందనుకున్నాను. చివరి సంఖ్యకు వర్గమూలం, మొదటి సంఖ్యకు వర్గమూలం తీసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలని చెప్పాను. 2000కు 44, 500కు 22. జవాబు 22. సరిగ్గానే వచ్చింది. ఆమె తలూపి నోట్స్‌లో రాసుకుంది.

రెండు రోజుల తర్వాత 400 నుంచి 900 వరకు ఎన్ని అని అడిగితే 10 అంది. 20 వర్గం 400, 30 వర్గం 900, రెండూ కలిపి లెక్కపెడితే 11. "ఇక్కడ ఒకటి కలపాలి" అన్నాను. మరుసటి రోజు 500 నుంచి 2000 మళ్లీ ఇస్తే 23 అని వచ్చింది. ఆమె ఒకటి కలిపింది.

"సార్, ఎప్పుడు ఒకటి కలపాలి, ఎప్పుడు కలపకూడదు, ఎప్పుడు తీసేయాలి? లిస్టు ఇస్తే బట్టీ పడతాను" అంది. ఆ మాట విన్నప్పుడు నాకు బాధ కలిగింది. పాత తప్పు పోలేదు, దాని మీద ఇంకో టెన్షన్ పెట్టాను. షార్ట్‌కట్‌ల పుస్తకాల్లో అలాంటి లిస్టులు దొరుకుతాయి. వాటిని పరీక్ష హాల్లో గుర్తు తెచ్చుకోవడానికే సగం టైమ్ పోతుంది. కానిస్టేబుల్ ప్రిలిమినరీ రాతపరీక్షలో 3 గంటల్లో 200 ప్రశ్నలు. అంటే ఒక్కో బిట్‌కు 54 సెకన్లు. "ఇది కలిపే రకమా, తీసే రకమా" అని ఆలోచించుకుంటూ కూర్చోవడానికి ఆ 54 సెకన్లు చాలవు.

సూత్రాలన్నీ పక్కన పెట్టి ఆమెకు ఒక తెల్ల కాగితం ఇచ్చాను.

వందల పట్టిక

పని చాలా చిన్నది. 1 నుంచి 31 వరకు అన్నింటి వర్గాలు రాయాలి. వాటిని వంద వందలుగా విడగొట్టి ఒక్కో వందలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టాలి. ఆమె ఇంట్లో చేసి తెచ్చింది.

1 నుంచి 100 వరకు పది. 101 నుంచి 200 వరకు నాలుగే: 121, 144, 169, 196. మూడో వందలో మూడు, నాలుగో వందలో మూడు. ఐదో వంద నుంచి తొమ్మిదో వంద వరకు రెండేసి. 901 నుంచి 1000 వరకు ఒక్కటే, 961. అన్నీ కలిపితే 31.

పట్టిక కింద ఆమె పెన్సిల్‌తో ఒక మాట రాసింది: "అన్నీ వందలే, కానీ వర్గాలు తగ్గుతున్నాయి." నేను చెప్పకముందే రాసింది. దాని పక్కన పాత జవాబు 38 రాసి కొట్టేసింది. 1500 సంఖ్యలు ఉన్నాయన్న ఒక్క ముక్కతో లెక్క తేలదని ఆమెకు అర్థమైంది. ఆ 1500 ఎక్కడ ఉన్నాయో కూడా చూడాలి. 1 నుంచి 1500 వరకైతే 38 వర్గాలు, 500 నుంచి 2000 వరకైతే 22. పైకి పోయేకొద్దీ వర్గాలు పలచబడతాయి.

ఎందుకు పలచబడతాయో ఎనిమిదో తరగతిలోనే చదివి ఉంటారు, కానీ గుర్తుండదు. పక్కపక్కన ఉన్న రెండు వర్గాల తేడా వాటి మూలాల మొత్తం. 10 వర్గం 100, 11 వర్గం 121, తేడా 21, అంటే 10 కలుపు 11. 30 వర్గం 900, 31 వర్గం 961, తేడా 61. మూలాలు ఒక్కొక్కటిగా పెరుగుతుంటే వర్గాలు మాత్రం ప్రతిసారీ ఇంకాస్త పెద్ద అంగ వేస్తాయి.

ఇక్కడి నుంచి పాఠం దారి మారింది. వర్గాలు సమంగా లేవు, వాటిని లెక్కపెట్టడం కష్టం. మూలాలు మాత్రం సమంగా ఉన్నాయి: 23, 24, 25, అలా 44 వరకు. మధ్యలో గ్యాప్ లేదు. కాబట్టి వర్గాలను లెక్కపెట్టే పనిని మూలాలను లెక్కపెట్టే పనిగా మార్చుకుంటే చాలు. ఈ ఒక్క మాట మీదే తర్వాతి ఐదు వారాలూ గడిచాయి. ప్రశ్నలో పెద్ద సంఖ్యలు కనిపిస్తే వాటి వెనక ఉన్న చిన్న సంఖ్యలను పట్టుకోవాలి, వాటినే లెక్కపెట్టాలి.

చేను గట్టు మీది కడీలు

ఇక మిగిలింది ఒకటి కలపడం, తీసేయడం గొడవ. 20 నుంచి 30 వరకు ఎన్ని సంఖ్యలంటే పది అనేస్తారు. డిగ్రీ చదివినవాళ్లూ అంటారు. పరీక్ష పెట్టేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. అందుకే ఆప్షన్లలో 9, 10, 11 మూడూ ఉంటాయి.

వాళ్ల మిర్చి చేను గుర్తొచ్చి అడిగాను: "మీ నాన్న వంద అడుగుల గట్టుకు కంచె వేస్తున్నారు. పది అడుగులకొక రాతి కడీ. ఎన్ని కడీలు కొనాలి?"

"పదకొండు సార్" అంది వెంటనే. "మొదట్లో ఒకటి పాతాలి కదా."

"ఒక చివర పక్క చేనువాళ్ల కడీ ముందే ఉంటే?"

"పది."

"రెండు చివర్లా వాళ్లవే ఉంటే?"

"తొమ్మిది చాలు." అని ఆగి, "అదేనా సార్ ఇది?" అంది.

అదే. 400 నుంచి 900 వరకు అన్నప్పుడు రెండు చివరి కడీలూ మనవే, 11. 400 కంటే ఎక్కువ, 900కు మించకుండా అంటే ఒకటి పక్కవాళ్లది, 10. 400 కంటే ఎక్కువ, 900 కంటే తక్కువ అంటే రెండూ పక్కవాళ్లవే, 9. ఆ లిస్టు బట్టీ పట్టాల్సిన అవసరం ఆ రోజుతో తీరిపోయింది. కంచె లెక్క ఆమెకు ముందే తెలుసు, నాకే ఆ సంగతి ఆలస్యంగా తట్టింది.

ఈ చివరల విషయంలో తెలుగు మాటలను జాగ్రత్తగా చదవడం కూడా నేర్పాల్సి వచ్చింది. "నుంచి... వరకు" అంటే రెండు చివరలూ లోపలే. "కంటే ఎక్కువ", "కంటే తక్కువ" అంటే ఆ సంఖ్య బయట. "మించకుండా" అంటే ఆ సంఖ్య లోపల. "మధ్య" అన్నప్పుడు చివరలు బయట పెట్టడమే మామూలు. "లోపు" అనే మాటే చిక్కు తెస్తుంది. "పదో తారీకు లోపు కట్టు" అంటే పదో తారీకున కట్టినా సరే అనుకుంటాం. "వంద లోపు సంఖ్యలు" అంటే కొందరు వందను కలుపుతారు, కొందరు కలపరు. నా పేపర్లలో ఆ మాట వాడడం మానేశాను. ప్రశ్నలో అది వస్తే చివరి సంఖ్యే వర్గమా కాదా అని ముందు చూడమని చెబుతాను. 1000 లోపు వర్గాలు అన్నప్పుడు 1000 వర్గం కాదు కాబట్టి ఎలా చదివినా 31 వస్తుంది. 900 లోపు అన్నప్పుడే మాట మీద ఆధారపడాలి.

మీటరు రీడింగ్

కడీల లెక్కతో వర్గాలు ఒడ్డున పడ్డాయి. కానీ పేపర్లో వర్గాలే రావు. 7 గుణిజాలు ఎన్ని, ఘనాలు ఎన్ని, వర్గమూ ఘనమూ రెండూ అయినవి ఎన్ని, ఏదీ కానివి ఎన్ని అని అడుగుతారు. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి చెబితే మళ్లీ లిస్టు తయారవుతుంది. అన్నింటికీ పనికొచ్చే పద్ధతి ఒకటి కావాలి.

కరెంటు బిల్లు అందరికీ తెలుసు. ఈ నెల వాడకం కావాలంటే ఈ నెల రీడింగ్‌లోంచి పోయిన నెల రీడింగ్ తీసేస్తారు. మీటరు పెట్టిన రోజు నుంచి ఎంత తిరిగిందో రీడింగ్ చెబుతుంది. అలాగే ఏ రకం సంఖ్యకైనా 1 దగ్గర నుంచి తిరిగే మీటరు ఉందనుకోవాలి. 2000 దగ్గర వర్గాల మీటరు 44 చూపిస్తుంది. 500 నుంచి మొదలవ్వాలంటే దానికి ముందు సంఖ్య, 499 దగ్గర రీడింగ్ తీసుకోవాలి. అక్కడ 22. తేడా 22.

499 దగ్గరే ఎందుకు, 500 దగ్గర తీస్తే ఏమవుతుందని ఆమె అడిగింది. ఈ లెక్కలో ఏమీ కాదు, 500 వర్గం కాదు కాబట్టి. 400 నుంచి 900 అయితే తేడా తెలుస్తుంది. 900 దగ్గర రీడింగ్ 30, 399 దగ్గర 19, తేడా 11. 400 దగ్గరే రీడింగ్ తీస్తే అప్పటికే 400 మీటరు ఎక్కేసి 20 చూపిస్తుంది, మన లెక్కలోంచి ఒకటి జారిపోతుంది. ఆమె మొదట రాసిన 10 అలా వచ్చిందే.

అదే మీటరు ఘనాలకు: 2000 దగ్గర 12, ఎందుకంటే 12 ఘనం 1728, 13 ఘనం 2197. 499 దగ్గర 7, ఎందుకంటే 7 ఘనం 343, 8 ఘనం 512. తేడా 5. అదే మీటరు 7 గుణిజాలకు: 2000ను 7తో భాగిస్తే 285, 499ను భాగిస్తే 71, శేషాలు వదిలేయాలి. తేడా 214. అంకశ్రేఢి (సమాన తేడాతో సాగే సంఖ్యల వరుస) సూత్రంతో 504 మొదటి పదం, 1995 చివరి పదం అని రాసుకుని చేసినా 214 వస్తుంది. కానీ మొదటి పదం వెతకడంలో, చివర ఒకటి కలపడంలో తప్పులు దొర్లుతుంటాయి. మీటరు పద్ధతికి రెండు భాగహారాలు చాలు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది: పోటీ పరీక్షకు చదివేవాళ్లకు గుణిజాల లెక్కలో శ్రేఢి సూత్రం ముందు చెప్పకూడదు.

తర్వాత కొంచెం చిక్కు బిట్: 500 నుంచి 2000 వరకు వర్గం గానీ ఘనం గానీ అయిన సంఖ్యలు ఎన్ని? 22 కలుపు 5 అంటే 27 అంది. రెండూ అయిన సంఖ్య ఏదైనా ఉందేమో చూడమన్నాను. వర్గమూ ఘనమూ రెండూ కావాలంటే ఒక సంఖ్యను ఆరుసార్లు వేసి గుణించినదై ఉండాలి. 3తో చేస్తే 729, 4తో చేస్తే 4096. మన హద్దుల్లో 729 ఒక్కటే, 27 వర్గమూ అదే, 9 ఘనమూ అదే. అది రెండు లిస్టుల్లోనూ పడింది కాబట్టి ఒకసారి తీసేయాలి, 26. ఏదీ కానివి ఎన్నంటే మొత్తం సంఖ్యలు 1501, అందులోంచి 26 పోతే 1475. మొత్తం 1501 అన్న దగ్గర మళ్లీ కడీలు గుర్తు చేయాల్సి వచ్చింది. ఆమె 1500 వేసింది.

మూలాలకు దిగితే ఎంత తేలికో చూపించడానికి నాకు ఇష్టమైన బిట్ ఒకటుంది. అదే హద్దుల్లో 12తో నిశ్శేషంగా భాగించబడే వర్గాలు ఎన్ని? ఆమె ముందు 12 గుణిజాలు రాయడం మొదలుపెట్టింది: 504, 516, 528... ఆపి, 23 నుంచి 44 వరకు మూలాలనే చూడమన్నాను. ఒక వర్గంలో 12 పోవాలంటే అందులో 3 పోవాలి, 4 పోవాలి. అంటే మూలంలో 3 పోవాలి, 2 పోవాలి, కాబట్టి 6 పోవాలి. 24, 30, 36, 42. నాలుగే. 576, 900, 1296, 1764. పది సెకన్ల పని. ఆమె 12 గుణిజాల దారినే పోయి ఉంటే 125 సంఖ్యలు రాయాలి.

సరిగ్గా మూడు కారణాంకాలు ఉన్న సంఖ్యల గురించి అడిగినా ఇదే దారి. అవి ప్రధాన సంఖ్యల వర్గాలు మాత్రమే, ఎందుకంటే 1, ఆ ప్రధాన సంఖ్య, దాని వర్గం తప్ప వేరే కారణాంకం ఉండదు. 23 నుంచి 44 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలు 23, 29, 31, 37, 41, 43. జవాబు ఆరు.

మీటరు లేనివీ ఉంటాయని చెప్పకపోతే ఇంకో తప్పుకు నేనే విత్తనం వేసినట్టవుతుంది. ప్రధాన సంఖ్యలకు ఇలా వర్గమూలం తీసి రీడింగ్ చెప్పే సులువు దారి లేదు. 100 వరకు 25, 200 వరకు 46 అని తెలిస్తే 101 నుంచి 200 వరకు 21 అని తీసివేతతో చెప్పొచ్చు. ఆ రీడింగులు తెలియకపోతే మాత్రం ఎరటోస్తనీస్ జల్లెడ పట్టాల్సిందే, అంటే ఒక్కో ప్రధాన సంఖ్య గుణిజాలను కొట్టేస్తూ పోయి మిగిలినవి లెక్కపెట్టాల్సిందే. అక్కడా వర్గమూలం ఇంకో రూపంలో పనికొస్తుంది. 200 వరకు జల్లెడ పట్టడానికి 13 వరకు ఉన్న ప్రధాన సంఖ్యల గుణిజాలు కొట్టేస్తే చాలు, ఎందుకంటే తర్వాతి ప్రధాన సంఖ్య 17 వర్గం 289, 200 దాటిపోయింది.

వర్గమూలాన్ని త్వరగా పట్టుకోవడం

దీనికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఈ బిట్లలో వర్గమూలం దశాంశాలతో అవసరం లేదు. ఏ రెండు పూర్ణసంఖ్యల మధ్య పడుతుందో తెలిస్తే చాలు. 5తో ముగిసే వర్గాలను గుర్తురాళ్లుగా పెట్టుకోమన్నాను: 25కు 625, 35కు 1225, 45కు 2025. వీటికి చిన్న కిటుకు ఉంది, పదుల స్థానంలోని అంకెను దాని తర్వాతి అంకెతో గుణించి పక్కన 25 వేయడమే. నాలుగు ఐదులు ఇరవై, పక్కన 25, మొత్తం 2025. అలా చూస్తే 2000 అనేది 45 వర్గానికి కొంచెం తక్కువ, కాబట్టి 44.

2025 బోర్డు మీద పడగానే ఆమె "ఈ సంవత్సరమే సార్" అంది. అంతకుముందు పరిపూర్ణ వర్గం అయిన సంవత్సరం 1936, తర్వాత వచ్చేది 2116. ఆగస్టస్ డీ మోర్గాన్ కథ చెప్పాను. మన మధురైలో 1806లో పుట్టిన ఆ గణితవేత్త, x వర్గం అనే సంవత్సరంలో నాకు x ఏళ్లు వచ్చాయని చెప్పుకునేవాడు. x విలువ 43, సంవత్సరం 1849. అలా చెప్పుకునే వీలు మన కాలంలో ఎవరికుందని అడిగాను. కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టి "45 ఏళ్లు నిండాలి, 1980లో పుట్టి ఉండాలి. మా అమ్మ 1980 సార్!" అంది. ఆ రోజు ఇంటికి వెళ్లి అమ్మకు ఈ లెక్క చెప్పిందట. సంఖ్యల హద్దుల గురించి ఆమె ఇంట్లో మాట్లాడింది అదే మొదటిసారి. ఆ కబురు నాకు మార్కుల కంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది.

ఆరు వారాల తర్వాత

మొదటి పేపర్ లాంటిదే, అంకెలు మార్చి పది బిట్లు ఇచ్చాను. ఎనిమిది వచ్చాయి. నాలుగంకెల వర్గాలు ఎన్ని అన్నదానికి 99లోంచి 31 తీసి 68 అని నేరుగా రాసింది, రఫ్ పేపర్‌లో ఒక్క లైనే ఉంది. తప్పయిన రెండింటిలో ఒకటి ఘనాలది. మొదటి సంఖ్యే ఘనమైన చోట దాని ముందు సంఖ్య దగ్గర రీడింగ్ తీయడం మర్చిపోయింది. రెండోది "ఏదీ కానివి" రకం, మొత్తం సంఖ్యల లెక్కలో మళ్లీ ఒకటి తగ్గించింది. వర్గాల్లో కడీలు పక్కాగా గుర్తుంటున్నాయి, మామూలు సంఖ్యల దగ్గర మాత్రం ఇంకా జారుతోంది. ఘనాల మీద వేగం కూడా రావాలి, 15 వరకు ఘనాలు నోటికి రావాలని చెప్పాను. టైమ్ విషయానికొస్తే, చాలా బిట్లు నిమిషం లోపే చేసింది, "ఏదీ కానివి" లాంటి వాటికి మాత్రం రెండు నిమిషాలు పడుతోంది. అది తగ్గాలంటే సాధన తప్ప దారి లేదు.

నా వైపు నుంచి మార్చినవి రెండు. కొత్త బ్యాచ్‌కు 1 దగ్గర మొదలయ్యే ఉదాహరణతో ఈ చాప్టర్ మొదలుపెట్టడం లేదు. మొదటి రోజే వందల పట్టిక రాయిస్తున్నాను, సూత్రం మాట మూడో రోజు వరకు ఎత్తడం లేదు. ఒక క్లాసు ఎక్కువ పడుతుంది. సిలబస్ తొందర ఉన్నా ఆ క్లాసు ఇవ్వాల్సిందే.

ఆమె ఆ పట్టికను 1000 దగ్గర ఆపలేదు. చివరి వారంలో మడతలు పడ్డ పొడవాటి కాగితం తెచ్చి చూపించింది. 2401 నుంచి 2500 వరకు ఉన్న వంద చుట్టూ ఎర్ర గీత గీసింది. అందులో రెండు వర్గాలు, ఒకటి మొదట్లోనే, 49 వర్గం 2401, ఇంకోటి చిట్టచివర, 50 వర్గం 2500. రెండు కడీలూ సరిగ్గా గట్టు చివర్లలో పాతినట్టు ఉన్నాయి. దాని తర్వాతి వంద, 2501 నుంచి 2600 వరకు, ఖాళీ. ఒక్క వర్గమూ లేదు.

"ఇక మీదట ఏ వందలోనూ రెండు రావు సార్" అంది. ఎందుకని అడిగాను. "49, 50 కలిపితే 99, అంత తేడాకు వందలో అతికష్టం మీద రెండు పట్టాయి. 50, 51 కలిపితే 101. ఇక వంద చాలదు." ఖాళీ వంద మొదటిసారి ఎందుకు అక్కడే వచ్చిందో కూడా ఆ మాటలోనే ఉంది. 2500కు 2601కి మధ్య తేడా వంద దాటింది కాబట్టి మధ్యలో ఒక వంద మొత్తం మిగిలిపోయింది.

రెండో ఖాళీ వంద ఎక్కడుందని అడిగితే కాగితం ఇంకో మడత విప్పింది. 2601 నుంచి 3600 వరకు పది వందలు, 51 నుంచి 60 వరకు పది మూలాలు, ఒక్కో వందకు ఒక్కోటి. ఆ తర్వాత 3601 నుంచి 3700 దగ్గర పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి ఉంది.